ప్రెషర్ వెసెల్ పనికి ప్రీపోమ్యాక్స్, కాల్క్యులిక్స్: ఏ ఎలిమెంట్‌ను నమ్మాలి, దేన్ని పక్కన పెట్టాలి

లైసెన్సుకు పైసా కట్టకుండా ప్రెషర్ వెసెల్ స్ట్రెస్ అనాలిసిస్ చేయాలంటే ప్రీపోమ్యాక్స్, దాని వెనక నడిచే కాల్క్యులిక్స్ సాల్వర్ జోడీకే నా ఓటు. కాల్క్యులిక్స్‌ను మ్యూనిక్‌లోని ఎంటీయూ ఏరో ఇంజిన్స్‌లో పనిచేసిన గిడో డోంట్, క్లాస్ విట్టిగ్ రాశారు. దాని మొదటి కాపీరైట్ 1998 నాటిది. మీట నొక్కుతూ మోడల్ కట్టుకోవడానికి సాల్వర్‌కు ముందుండే తెర (ఫ్రంట్ ఎండ్) ప్రీపోమ్యాక్స్. దాన్ని స్లొవేనియాలోని మారిబోర్ విశ్వవిద్యాలయానికి చెందిన మతేయ్ బోరోవిన్‌షెక్ తయారుచేశారు. రెండూ జీపీఎల్ అనే ఉచిత, ఓపెన్ సోర్స్ లైసెన్సు కిందే వస్తాయి. స్టెప్ ఫైల్ (త్రీడీ డ్రాయింగ్) తెరిచి, మెష్ వేసి (అంటే ఆకారాన్ని ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా కోసి), ప్రెషర్ పెట్టి, జవాబు చూడటానికి విండోస్ కంప్యూటర్ ఒకటి చాలు.

ఆ రంగు రంగుల జవాబు వెసెల్ డిజైన్‌కు పనికొస్తుందా లేదా అన్నది మాత్రం ఎలిమెంట్ ఎంపిక మీదే ఆధారపడి ఉంటుంది. సాల్వర్ బాగానే లెక్కిస్తుంది. కానీ పేరు ఒకటే అయినా ఇందులోని కొన్ని ఎలిమెంట్లు ఖరీదైన సాఫ్ట్‌వేర్లలో లాగా ప్రవర్తించవు. ఆ తేడాలు తెలియకపోతే నాజిల్ (వెసెల్‌కు అతికించే పైపు మూతి) దగ్గర వచ్చే అంకెలకు విలువ లేదు. అందుకే ఈ రివ్యూలో మెనూల సంగతి తక్కువగానూ, ఎలిమెంట్ల సంగతి ఎక్కువగానూ ఉంటుంది.

ముందుగా ఒక కొలబద్ద కావాలి. లోపలి వ్యాసార్థం 500 మి.మీ., మందం 20 మి.మీ. ఉన్న సిలిండర్‌లో 2 ఎంపీఏ (మెగాపాస్కల్) లోపలి ప్రెషర్ అనుకుందాం. మందపాటి సిలిండర్లకు వాడే లామే సూత్రం ప్రకారం హూప్ స్ట్రెస్ (చుట్టుకొలత దిశలో లాగేది) లోపలి గోడ మీద 51.02, బయటి గోడ మీద 49.02 ఎంపీఏ. రెండు చివర్లూ మూసి ఉంటే పొడవు దిశలో 24.51. రేడియల్ (వ్యాసార్థం దిశలో) స్ట్రెస్ లోపల మైనస్ 2, బయట సున్నా. ఇవన్నీ కలిపి ఒకే అంకెగా చెప్పే వాన్ మీసెస్ స్ట్రెస్ లోపలి గోడ మీద 45.9. మందం అంతటికీ హూప్ సగటు కచ్చితంగా 50.0 రావాలి, ఎందుకంటే ప్రెషర్‌ను లోపలి వ్యాసార్థంతో గుణించి మందంతో భాగిస్తే వచ్చేది అదే. పావు సెక్టార్ మోడల్ కడితే పొడవు దిశలో రియాక్షన్ 392.7 కిలోన్యూటన్లు రావాలి. ఏ ఎలిమెంట్ వాడబోయినా ముందు ఈ సిలిండర్ మీద పరీక్షించాలి. ఇది పది నిమిషాల పని. ఇక్కడే 50.0 సగటు ఇవ్వని సెటప్‌ను నాజిల్ దాకా తీసుకెళ్లడం దండగ.

ఇక అసలు విషయం. వెసెల్ గుండ్రంగా ఉండి, లోడ్ కూడా గుండ్రంగా సమానంగా ఉంటే, అంటే షెల్ (సిలిండర్ గోడ), డిష్ ఎండ్ (గిన్నెలాంటి మూత), దాని నడినెత్తిన ఉన్న నాజిల్ వరకే లెక్క అయితే, ఆక్సీసిమెట్రిక్ (అక్షం చుట్టూ ఒకేలా ఉందనుకుని అడ్డుకోత మాత్రమే గీసే) ఎలిమెంట్ సీఏఎక్స్8ఆర్‌ను మించింది లేదు. మందానికి రెండు ఎలిమెంట్లు పెడితే పై సిలిండర్‌లో లామే విలువకు అర శాతం లోపలే వస్తుంది. కాల్క్యులిక్స్ దీన్ని లోపల్లోపల 2 డిగ్రీల ముక్కగా మార్చి, 20 నోడ్ల (ఎలిమెంట్లను కలిపే బిందువుల) ఘన ఎలిమెంటుగా లెక్కిస్తుంది. వాడేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి రెండు. మొదటిది, ఎక్స్ అక్షం రేడియల్ దిశ, వై అక్షం వెసెల్ అక్షం. కాబట్టి ఫలితాల్లో ఎక్స్‌ఎక్స్ రేడియల్, వైవై పొడవు దిశ, జెడ్‌జెడ్ హూప్ అవుతాయి. రెండోది, నోడ్ మీద పెట్టే బలాన్ని మొత్తం 360 డిగ్రీలకూ కలిపి ఇవ్వాలి. ప్రెషర్‌కు ఈ బాధ లేదు, ఎంత ఉంటే అంతే ఇవ్వచ్చు. డిష్ ఎండ్ మీద లిఫ్టింగ్ లోడ్‌ను ముక్కకు సరిపడా కుదించి పెడితే మాత్రం లోడ్ 180 రెట్లు తగ్గిపోతుంది, ఎర్రర్ కూడా రాదు.

2:1 ఎలిప్సాయిడల్ డిష్ ఎండ్ ఈ ఎలిమెంటుకు మంచి పరీక్ష. మెంబ్రేన్ సిద్ధాంతం (గోడ వంగదనుకుని వేసే లెక్క) ప్రకారం డిష్ అంచులో హూప్ కంప్రెషన్‌లో ఉంటుంది. పై కొలతలకు అది దాదాపు మైనస్ 51 ఎంపీఏ, పక్కనే సిలిండర్‌లో ప్లస్ 50. ఒకటి లోపలికి ముడుచుకోవాలని, ఇంకొకటి బయటికి ఉబ్బాలని చూస్తుంది. రెంటినీ వెల్డింగ్ కలిపి పట్టుకుంటుంది కాబట్టి అక్కడ బెండింగ్ పుడుతుంది. ఆ బెండింగ్ ఎంత దూరం పాకుతుందో వ్యాసార్థం, మందాల లబ్ధానికి వర్గమూలం చెబుతుంది. ఇక్కడ 510ని 20తో గుణించి వర్గమూలం తీస్తే 101 మి.మీ. దానికి రెండున్నర రెట్లు, అంటే సుమారు 250 మి.మీ. దాటాక బెండింగ్ దాదాపు చచ్చిపోతుంది. మెష్ కొలత ఎంచుకోవాల్సింది ఈ అంకెను చూసే. ఆ 250 మి.మీ. మేర పొడవు దిశలో 20 నుంచి 25 మి.మీ. క్వాడ్రాటిక్ (అంచుల మధ్యలో కూడా నోడ్ ఉండే) ఎలిమెంట్లు, వెల్డింగ్‌కు ఆనుకుని 10 మి.మీ. ఉంటే చాలు. దానికి అవతల 60, 80 మి.మీ. పెట్టినా నష్టం లేదు. వెసెల్ అంతా ఒకే సైజు మెష్ వేసి, కంప్యూటర్ మూలుగుతోందని బాధపడేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే చాలు.

పక్క నాజిల్ వచ్చిందంటే ఆక్సీసిమెట్రీ పోతుంది, ఘన ఎలిమెంట్లు తప్పవు. ఇక్కడ సీ3డీ20ఆర్‌ది మొదటి స్థానం. ఇటుక ఆకారం, 20 నోడ్లు, 8 ఇంటిగ్రేషన్ పాయింట్లు (లోపల స్ట్రెస్ లెక్కించే బిందువులు). బెండింగ్‌ను బాగా పట్టుకుంటుంది, ప్లాస్టిసిటీలో బిగుసుకుపోదు. దీని అన్న సీ3డీ20కి 27 పాయింట్లు ఉన్నా, లోహం ప్లాస్టిక్ దశకు వచ్చి ఘనపరిమాణం మారకుండా సాగేటప్పుడు అవసరానికి మించి బిరుసుగా ఉంటుంది. కాబట్టి ఎలాస్టిక్ ప్లాస్టిక్ లెక్కలకు ఆర్ ఉన్నదే వాడండి. మందానికి కనీసం రెండు, నాజిల్ మూల దగ్గర మూడు ఎలిమెంట్లు పెడితే సరిపోతుంది.

చిక్కల్లా ఇటుక మెష్ వేయడంలోనే ఉంది. ప్రీపోమ్యాక్స్‌లో జీమెష్ అనే మెషర్ ద్వారా ఎక్స్‌ట్రూడ్, స్వీప్, రివాల్వ్ పద్ధతులు ఉన్నాయి. సాదా సిలిండర్‌కు, ఫ్లాంజ్‌కు అవి చక్కగా కుదురుతాయి. సిలిండర్‌లోకి నాజిల్ చొచ్చుకుపోయే జాగా మాత్రం ముక్కలు ముక్కలుగా కోస్తే తప్ప స్వీప్‌కు లొంగదు. ముక్కలను టై కన్‌స్ట్రెయింట్‌తో అతికించే పద్ధతి ఉంది కానీ, నోడ్లు కలవని అతుకు దగ్గర స్ట్రెస్ గరుకుగా, ఎగుడుదిగుడుగా వస్తుంది. వెల్డింగ్ నుంచి 100 మి.మీ. లోపల టై రాకుండా చూసుకోవాలి. ఈ విషయంలో ఖరీదైన మెషర్లకూ దీనికీ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్‌లో నేను మార్కులు తగ్గించేది ఇక్కడే.

అంత ఓపిక లేనప్పుడు సీ3డీ10 ఉంది. 10 నోడ్ల టెట్రా (నాలుగు ముఖాల ముక్క) ఇది, నెట్‌జెన్ అనే మెషర్ ఏ ఆకారాన్నైనా దీంతో నింపేస్తుంది. టెట్రా అనగానే ముఖం చిట్లించే చెకర్లు (రిపోర్టును సరిచూసేవాళ్లు) ఉంటారు. క్వాడ్రాటిక్ టెట్రా విషయంలో ఆ అనుమానం అక్కర్లేదు. మందానికి రెండు మూడు పొరలు ఉంటే, కోడ్ (వెసెల్ డిజైన్ నియమావళి) అడిగే మెంబ్రేన్ (మందం అంతటి సగటు), బెండింగ్ విలువలు ఇటుకలతో వచ్చిన వాటికి చాలా దగ్గరగా వస్తాయి. నోడ్లు ఎక్కువ ఖర్చవుతాయి, అంతే. టెంపరేచర్ లోడ్ కూడా ఉంటే సీ3డీ10టీ తీసుకోండి. మామూలు సీ3డీ10లో థర్మల్ స్ట్రెయిన్ క్వాడ్రాటిక్‌గా, మొత్తం స్ట్రెయిన్ లీనియర్‌గా మారుతుంటాయి కాబట్టి, స్ట్రెస్ చిత్రం చదరంగం గళ్లలా కనబడే ప్రమాదం ఉంది. టీ ఉన్న ఎలిమెంట్ టెంపరేచర్‌ను లీనియర్‌గా తీసుకుని ఆ గళ్లను తప్పిస్తుంది.

నాలుగు నోడ్ల సీ3డీ4ను వెసెల్ పనిలో వాడనే కూడదు. దాని లోపల స్ట్రెయిన్ అంతా ఒకటే విలువ. మందానికి ఒక పొర పెడితే బెండింగ్ అనేదే కనిపించదు, నాలుగు పొరలు పెట్టినా తక్కువే చూపిస్తుంది. తక్కువ స్ట్రెస్ చూపించడమంటే డిజైన్ పాస్ అయినట్టు కనిపించడం. ప్రమాదం అక్కడే ఉంది.

8 నోడ్ల ఇటుకల్లో మూడు రకాలు. సీ3డీ8 బెండింగ్‌లో షియర్ లాకింగ్‌తో (లేని షియర్‌ను లెక్కించి) బిగుసుకుపోతుంది. సీ3డీ8ఆర్‌కు ఇంటిగ్రేషన్ పాయింట్ ఒక్కటే, అదీ ఎలిమెంట్ నడిమధ్యన. గోడ మీది గరిష్ఠ స్ట్రెస్ దానికి అందదు, మందానికి ఒకే పొర ఉంటే బెండింగ్‌కు ఎదురే చెప్పదు. మూడోది సీ3డీ8ఐ. వంగడానికి వీలిచ్చే అదనపు రూపాలు (ఇన్‌కంపాటిబుల్ మోడ్స్) కలిపినందువల్ల బెండింగ్‌ను బాగానే పట్టుకుంటుంది, కానీ ఎలిమెంట్లు చతురస్రంగా, వంకర లేకుండా ఉండాలి. నాజిల్ చుట్టూ మెష్ ఎలాగూ వంకరపోతుంది కాబట్టి అక్కడ దీని మీద పెద్దగా ఆశ పెట్టుకోలేం. సాదా షెల్‌కు, మందానికి నాలుగు పెట్టుకుని వాడుకోవచ్చు.

లీనియర్ ఎలిమెంట్లతో ఇంకో ఇబ్బంది ఆకారంలోనే ఉంది. 500 మి.మీ. వ్యాసార్థాన్ని 10 డిగ్రీలకు ఒక ఎలిమెంట్ చొప్పున కోస్తే, వంపు బదులు తిన్నని పలక వస్తుంది. పలక మధ్యలో అసలు గోడకూ దానికీ 1.9 మి.మీ. ఎడం. 20 మి.మీ. మందంలో ఇది దాదాపు పదో వంతు. హూప్ బలం ఆ ఎడం వెంట లాగుతుంది కాబట్టి అసలు వెసెల్‌లో లేని బెండింగ్ మోడల్‌లో పుడుతుంది. క్వాడ్రాటిక్ ఎలిమెంట్ ఎంచుకుని, మిడ్‌సైడ్ నోడ్లను (అంచుల మధ్యనున్నవాటిని) జామెట్రీ మీదకు తెచ్చే ఆప్షన్ ఆపేసినా ఇదే జరుగుతుంది. పేరుకు 10 నోడ్లు, ఆకారానికి పలకే. ప్రీపోమ్యాక్స్ మెష్ సెటప్‌లో ఆ ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో ప్రతిసారీ చూడాలి. ఆన్ చేశాక చిన్న ఫిల్లెట్ల దగ్గర జాకోబియన్ పాజిటివ్ కాదని, అంటే ఎలిమెంట్ మడతపడిందని, సాల్వర్ ఆగిపోవచ్చు. ఆప్షన్‌ను ఆపేయడం దానికి మందు కాదు. ఆ ఫిల్లెట్ మీద మాత్రం లోకల్ మెష్ సైజు తగ్గించండి, 90 డిగ్రీల వంపుకు మూడు ఎలిమెంట్లయినా పడేలా.

ఇప్పుడు షెల్ ఎలిమెంట్లు, అంటే గోడను పలుచని పొరగా గీసి మందాన్ని అంకెగా ఇచ్చేవి. వేరే సాఫ్ట్‌వేర్ అలవాటున్నవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. కాల్క్యులిక్స్‌లో అసలైన షెల్ ఎలిమెంట్ లేదనే చెప్పాలి. మీరు ఎస్8ఆర్ ఇస్తే దాన్ని మందం మేర సాగదీసి సీ3డీ20ఆర్‌గా, ఎస్6 ఇస్తే సీ3డీ15గా మార్చి లెక్క చేస్తుంది. వంపు నునుపుగా సాగే చోట ఇది బాగా పనిచేస్తుంది. పై గోడ, కింది గోడ స్ట్రెస్ సాగదీసిన బొమ్మ మీదే కనిపిస్తుంది, అదొక సౌకర్యం. కానీ రెండు షెల్‌లు కోణంలో కలిసే చోట, నార్మల్స్ (పొరకు లంబంగా ఉండే దిశలు) మధ్య తేడా 20 డిగ్రీలు దాటితే, లేదా మందాలు వేరైతే, ఆ నోడ్ దగ్గర సాగదీసిన నోడ్లన్నిటినీ కలిపి దృఢమైన ముడి వేస్తుంది. సిలిండర్, నాజిల్ కలిసేది దాదాపు 90 డిగ్రీల కోణంలో. అంటే మనకు అతి ముఖ్యమైన గీత పొడవునా ముళ్లే. అక్కడి స్ట్రెస్ వెసెల్‌ది కాదు, ముడిది. అందుకని నాజిల్ జాయింట్ దగ్గర షెల్ మోడల్ ఇచ్చే అంకెను రిపోర్టులో పెట్టకండి. మొత్తం వెసెల్‌లో సాడిల్ సపోర్టులు, గాలి లోడ్, బరువు ఎలా పంచుకుంటున్నాయో చూడటానికి షెల్, నాజిల్‌కు విడిగా ఘన మోడల్. ఇదే నమ్మదగిన పద్ధతి.

షెల్‌లు నిజంగా అక్కరకొచ్చే పని ఒకటుంది, అది మన జీడిమెట్ల, పటాన్‌చెరు ఫార్మా యూనిట్లలోని జాకెట్ రియాక్టర్లది. జాకెట్‌లో ఆవిరి ప్రెషర్, లోపల వాక్యూమ్ ఉంటే లోపలి షెల్ బయటి ప్రెషర్‌కు బక్లింగ్ (ఉన్నట్టుండి నొక్కుకుపోవడం) అయ్యే ప్రమాదం ఉంది. దీనికి ఎస్8ఆర్‌తో పూర్తి 360 డిగ్రీల మోడల్ కట్టి బక్లింగ్ స్టెప్ నడపాలి. ఇక్కడ సీఏఎక్స్8ఆర్ వాడటం పెద్ద తప్పు. బయటి ప్రెషర్‌కు సిలిండర్ చుట్టూ అలలుగా లోపలికి పోతుంది. ఆక్సీసిమెట్రిక్ మోడల్‌కు ఆ అలలు రావు కాబట్టి బక్లింగ్ ప్రెషర్ ఎంతో ఎక్కువగా చూపిస్తుంది. పావు మోడల్ కూడా సిమెట్రీకి కుదరని అలలను మింగేస్తుంది. ఒక్కో అలకు ఆరు క్వాడ్రాటిక్ ఎలిమెంట్లయినా పడాలి. వచ్చిన ఐగెన్ విలువను (పెట్టిన ప్రెషర్‌కు ఎన్ని రెట్ల దగ్గర బక్లింగ్ వస్తుందో చెప్పే అంకెను) అలాగే వాడకూడదు. అమెరికా ప్రెషర్ వెసెల్ కోడ్ ఏఎస్‌ఎమ్‌ఈ సెక్షన్ 8 డివిజన్ 2 ప్రకారం ఈ రకం విశ్లేషణలో, 2ను తగ్గింపు గుణకంతో భాగించి డిజైన్ ఫ్యాక్టర్ తీయాలి. బయటి ప్రెషర్ కింద ఉన్న సిలిండర్లకు ఆ గుణకం 0.8, ఫ్యాక్టర్ 2.5. గోళాకారపు షెల్‌లకు, డిష్ ఎండ్‌లకు గుణకం 0.124 కాబట్టి ఫ్యాక్టర్ 16 దాటుతుంది. డిష్ ఎండ్ ఐగెన్ విలువ 5 వచ్చిందని ఊపిరి పీల్చుకుంటే లాభం లేదు.

నాజిల్ మోడల్ లోడింగ్‌లో తరచూ మర్చిపోయేది కోసిన చివర మీది లాగుడు బలం. పై వెసెల్‌కు లోపలి వ్యాసార్థం 100, బయటిది 110 మి.మీ. ఉన్న నాజిల్ ఉంటే, దాని అవతల బ్లైండ్ ఫ్లాంజ్ మీది ప్రెషర్ అంతా నాజిల్ గోడ మీదకే వస్తుంది. కోసిన ముఖం మీద 9.52 ఎంపీఏ లాగుడు పెట్టాలి. ప్రీపోమ్యాక్స్‌లో ఆ ముఖానికి మైనస్ 9.52 ప్రెషర్ ఇస్తే సరి. సిలిండర్ కోసిన ముఖానికి అదే లెక్కన మైనస్ 24.51. నాజిల్‌ను వెల్డింగ్ నుంచి 81 మి.మీ. లోపల కోయకూడదు, ఎందుకంటే పై వర్గమూలం లెక్క ప్రకారం నాజిల్ గోడ సొంత బెండింగ్ అంతవరకు పాకుతుంది. 150 మి.మీ. ఉంచితే నిశ్చింత.

ఆర్ఎఫ్ ప్యాడ్‌ను (నాజిల్ చుట్టూ బలానికి వేసే పలకను) షెల్‌తో కలిపి ఒకే ముద్దగా చేయడం చాలా రిపోర్టుల్లో కనిపిస్తుంది. అసలు ప్యాడ్‌కు అంచుల్లోనే వెల్డింగ్, మధ్యలో కాంటాక్ట్ మాత్రమే. ముద్దగా చేస్తే బెండింగ్ బిరుసు ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. కాల్క్యులిక్స్‌కు సర్ఫేస్ టు సర్ఫేస్ కాంటాక్ట్ ఉంది, వాడుకోండి.

ఫలితాలు చదివే దగ్గర. కాల్క్యులిక్స్ స్ట్రెస్‌ను ఇంటిగ్రేషన్ పాయింట్ల నుంచి నోడ్లకు తీసుకెళ్లి, పక్క ఎలిమెంట్ల విలువలతో సగటు చేసి చూపిస్తుంది. సగటు వల్ల చిత్రం అందంగా వస్తుంది, లోపం దాక్కుంటుంది. అవుట్‌పుట్‌లో ఈఆర్ఆర్ (లోపం అంచనా) ఎంచుకుంటే ఏ చోట మెష్ చాలదో శాతంలో చెబుతుంది. ఫిల్లెట్ లేని మూలలో గరిష్ఠ వాన్ మీసెస్ మెష్ చిన్నది చేసేకొద్దీ పెరుగుతూనే ఉంటుంది, అది ఎక్కడా ఆగదు. కోడ్ ఎలాస్టిక్ పద్ధతి అడిగేది ఆ కొసను కాదు, మందానికి అడ్డంగా గీసిన గీత మీద మెంబ్రేన్, బెండింగ్ విలువలను. ఆరు స్ట్రెస్ కాంపొనెంట్లనూ విడివిడిగా లీనియరైజ్ చేసి (మెంబ్రేన్, బెండింగ్ భాగాలుగా విడదీసి), ఆ తర్వాతే వాన్ మీసెస్ తీయాలి. వాన్ మీసెస్‌నే నేరుగా సగటు చేయడం తప్పు. గీత మీది నోడ్ విలువలను ఎక్సెల్‌లో పెట్టి సింప్సన్ సూత్రం వేస్తే చాలు. మందానికి రెండు సీ3డీ20ఆర్ ఉంటే ఐదు నోడ్లు దొరుకుతాయి, ఆ సూత్రానికి సరిగ్గా సరిపోతాయి. గీతను సిమెట్రీ ప్లేన్ మీద గీస్తే ఎక్స్, వై, జెడ్ అక్షాలే హూప్, పొడవు, రేడియల్ దిశలవుతాయి, కోఆర్డినేట్లు మార్చే పని తప్పుతుంది. టెట్రా మెష్‌లో గీత మీద నోడ్లు వరసగా పడవు కాబట్టి, జామెట్రీని ముందే ఆ గీత దగ్గర రెండు ముక్కలుగా కోసుకోవాలి.

నాజిల్ జాయింట్ గీత మీద మెంబ్రేన్‌ను పీఎల్‌గా (లోకల్ మెంబ్రేన్ స్ట్రెస్‌గా) తీసుకుని 1.5 ఎస్‌తో, మెంబ్రేన్, బెండింగ్ కలిపి ఎస్‌పీఎస్ పరిమితితో పోల్చాలి. ఎస్ అంటే లోహానికి కోడ్ అనుమతించే స్ట్రెస్, ఎస్‌పీఎస్ అంటే ప్రైమరీ, సెకండరీ స్ట్రెస్‌లు కలిపి మారే శ్రేణికి కోడ్ పెట్టిన హద్దు. 1.1 ఎస్ దాటిన మెంబ్రేన్ జోన్ పొడవు దిశలో పైన తీసిన 101 మి.మీ. కంటే ఎక్కువ పాకితే దాన్ని లోకల్ అనడానికి లేదు. వ్యాసార్థానికీ మందానికీ నిష్పత్తి 4 లోపల ఉన్న బరువైన గోడలకు ఎలాస్టిక్ వర్గీకరణ నమ్మదగింది కాదని కోడే చెబుతుంది. అక్కడ సీ3డీ20ఆర్‌తో ఎలాస్టిక్ ప్లాస్టిక్ లెక్కకు వెళ్లాలి. షెల్‌లు ఆ పనికి రావు, ఎందుకంటే సాగదీసిన ఎస్8ఆర్‌కు మందంలో ఉన్నవి రెండే పాయింట్లు, ఈల్డ్ లోపలికి ఎలా పాకుతుందో వాటికి కనబడదు.

ఇంత శ్రమ పడే ఓపిక ఉన్న డిజైనర్‌కు, చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు ఇంజనీర్‌కు, కోడ్ నేర్చుకుంటున్న విద్యార్థికి ఈ జోడీని ధైర్యంగా సిఫార్సు చేస్తాను. రోజుకు పది నాజిల్‌లు తేల్చాల్సిన ఆఫీసుకు మెషింగ్ దగ్గరే సమయం పోతుంది, వాళ్లు వేరేది చూసుకోవచ్చు. ఎవరు వాడినా రిపోర్టులో ఎలిమెంట్ పేరు, మందానికి ఎన్ని పెట్టారో, మిడ్‌సైడ్ నోడ్లు జామెట్రీ మీద ఉన్నాయో లేదో, గీతలు ఎక్కడ గీశారో, సగం సైజు మెష్‌తో మెంబ్రేన్, బెండింగ్ ఎంత మారాయో రాయండి. ఆ తేడా 5 శాతం దాటితే మెష్ ఇంకా చాలనట్టే. మోడల్‌తోపాటు సాల్వర్‌కు వెళ్లే ఐఎన్‌పీ (ఇన్‌పుట్) ఫైల్ కూడా జత చేయండి. అది మామూలు టెక్స్ట్ ఫైల్, చెకర్ నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఎలిమెంట్ రకం, ప్రెషర్, సిమెట్రీ అన్నీ వరస వరసన చూసుకోగలడు.